తాళం ఉన్న కొక్కెం

2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌ది మా చర్ల మండలమే. ఆ పేరు వినగానే అందరికీ మంచు, జెండా గుర్తొస్తాయి. నాకు మాత్రం ఈ ఇద్దరు గురుకులం పిల్లల శిక్షణ మొదలైన భువనగిరి గుట్ట, అక్కడ నడుముపట్టీకి తగిలించే కారబైనర్ కొక్కెం గుర్తొస్తాయి.

కొనబోయేటప్పుడు రంగూ బరువూ చూసి మురిసిపోతాం. చూడాల్సింది దాని ఒంటిమీద చెక్కిన అంకెలు. నిలువునా లాగితే కనీసం 20 కిలోన్యూటన్లు, అంటే సుమారు రెండు టన్నుల బరువు ఆపాలి. అదే కొక్కెం అడ్డం తిరిగితే 7 దగ్గరే విరిగిపోవచ్చు. నోరు తెరుచుకున్నా దాదాపు అంతే. అందుకే తాళం.

ఏ తాళం? దానంతటదే పడేది మతిమరుపువాళ్లకు మేలే, కానీ లోపల ఇసుక చేరితే మొరాయిస్తుంది. మర తిప్పేది చవక, పడిందో లేదో కంటికి తెలుస్తుంది. అయితే తాడు రాపిడికీ అదురుకీ మెల్లగా వదులవుతుంది (దుకాణంవాడు ఈ మాట చెప్పడు). తోటివాడి తాడు పట్టడానికైతే బేరిపండు ఆకారంలో ఉన్నదే తీసుకోవాలి. దాని వెడల్పు వంపులో ముడి సాఫీగా తిరుగుతుంది.

నా ఓటు మర ఉన్నదానికే. తాళంచెవులకు తగిలించే బజారు కొక్కేలు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి, వాటిని రాయి దగ్గరికి తీసుకెళ్లకండి. మర బిగించాక నోటిని వేలితో నొక్కి చూడండి, మీ జంటవాడిదీ నొక్కి చూడండి.