ధ్యాస ఎక్కడ పెట్టావ్?

మాది తెనాలి. రెండేళ్ళ క్రితం నాకు పొట్ట పైభాగాన నొప్పి, మంట మొదలయ్యాయి. 'గ్యాసేలే' అనుకుని మజ్జిగ తాగి ఊరుకునేదాన్ని. ఆ వెనకే మతిమరుపు! పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. "ధ్యాస ఎక్కడ పెట్టావ్?" అని మావారి విసుగు.

ఒకరోజు బాపట్లలో అక్క ఇంటికని రైలెక్కి, కూర్చుని కూడా స్టేషను దాటిపోయి చీరాలలో దిగాను. అక్క ఊరుకోలేదు, డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"విరేచనం నల్లగా అవుతోందా?" అని అడిగారావిడ. సిగ్గుపడి నేనెవరికీ చెప్పని సంగతే అది! హిమోగ్లోబిన్ 7 ఉంది. ఆడవాళ్ళకు 12 అయినా ఉండాలట. ఎండోస్కోపీలో పుండు కనబడింది. మోకాళ్ళ నొప్పులకు నేనే కొనుక్కుని మింగిన మాత్రలు ఒక కారణం, హెచ్‌.పైలోరీ అనే క్రిమి ఇంకో కారణం. రక్తం కొద్దికొద్దిగా పోయి నీరసించడం వల్లే మనసు నిలవలేదట. రెండు బాధలకూ మూలం ఒక్కటే!

అల్సరంటే కారం వల్లే అనుకుంటాం. ఈ క్రిమిని 1982లో గుర్తించిన ఆస్ట్రేలియా డాక్టర్లు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండు వారాలు యాంటీబయాటిక్స్, తర్వాత కొన్ని నెలలు ఐరన్ మాత్రలు వాడాను. మొన్న సంక్రాంతికి రేపల్లెలో అమ్మ వాకిట్లో 21 చుక్కల ముగ్గు ఒక్క చుక్క తప్పకుండా పెట్టాను. అమ్మ కళ్ళు చెమర్చాయి.

సిగ్గుపడి దాచుకోకండమ్మా, డాక్టరుకు అన్నీ చెప్పండి.