టూరంటే టెస్టులేనా?

ఆస్ట్రేలియాలో ఉంటున్న తెలుగువాళ్లకి 2024 డిసెంబర్ 28 చాలాకాలం గుర్తుంటుంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబరులో దిగి శతకం కొట్టాడు. అర్ధశతకానికి పుష్ప ఫోజు పెట్టాడు, శతకానికి స్టాండ్స్‌లో తండ్రి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ టెస్టు అయిదు రోజుల్లో 3,73,691 మంది చూశారు. ఆ మైదానంలో అంతకు ముందు ఏ టెస్టుకీ అంత జనం రాలేదు. అయినా టెస్టు ఓడిపోయాం, సిరీస్ 3-1 తేడాతో పోయింది. ఆ తర్వాత మనవాళ్లు నలుగురు చేరిన చోటల్లా ఒకటే పంచాయితీ: తప్పు రోహిత్‌దా, కోహ్లీదా, కోచ్‌దా? నా లెక్కలో అసలు తప్పు టూర్ కట్టిన తీరులోనే ఉంది. నవంబర్ 22 నుంచి జనవరి 5 దాకా ఆరు వారాల పైన సాగిన ఆ పర్యటనలో టెస్టులు కాక ఉన్నది కాన్‌బెర్రాలో రెండు రోజుల ఆట ఒక్కటే. అందులోనూ మొదటి రోజును వాన మింగేసింది. టెస్టుల మధ్య రాష్ట్ర జట్లతో, చిన్న ఊళ్లలో ఆడే మ్యాచ్‌లను టూర్‌లోంచి తీసేశారు. దానివల్ల ఆటా నష్టపోయింది, ప్రేక్షకుడూ నష్టపోయాడు.

ఇది పాత రోజుల మీద బెంగ కాదు. భారత్‌కు టెస్టు హోదా రావడంలోనే అలాంటి మ్యాచ్ ఒకదానికి పెద్ద వాటా ఉంది. 1926 డిసెంబర్‌లో ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు బొంబాయికి వచ్చినప్పుడు హిందూ జట్టు తరఫున సి.కె. నాయుడు 153 కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. నాగపూర్‌లో పుట్టిన ఆ తెలుగువాడి ఇన్నింగ్స్ చూశాకే భారత్ టెస్టులకు తగిన దేశమన్న నమ్మకం గిలిగన్‌కు గట్టిపడిందని చెబుతారు. 1932లో మన జట్టు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు టెస్టులో నాయకత్వం వహించింది ఆ నాయుడే. ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు 26 ఆడితే వాటిలో టెస్టు ఒక్కటే. ఇంగ్లండ్ జనం నాయుడి పేరు నేర్చుకున్నది లార్డ్స్ టెస్టులో కంటే కౌంటీ మైదానాల్లోనే ఎక్కువ. అలాగని ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1936 టూర్‌కు కెప్టెన్ మన విజయనగరం మహారాజకుమార్, విజ్జీ. కౌంటీ మ్యాచ్‌లలో పరుగుల వరద పారించిన లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. టూర్ పొడవైతే ముఠాలకూ తీరిక దొరుకుతుందని మన జమీందారుగారే రుజువు చేసిపెట్టారు. ఆ పాపం మనుషులది, మ్యాచ్‌లది కాదు.

ఇక మన కాలపు రుజువు. 2020 డిసెంబర్ 11 నుంచి 13 వరకు సిడ్నీలో ఆస్ట్రేలియా ‘ఎ’తో గులాబీ బంతి మ్యాచ్ జరిగింది. రికార్డుల్లో దానికి పెద్ద విలువ లేదు, డ్రా అయింది. రెండో ఇన్నింగ్స్‌లో కాకినాడ బిడ్డ హనుమ విహారి 104, రిషభ్ పంత్ 103, ఇద్దరూ అజేయంగా నిలిచారు. హైదరాబాద్ సిరాజ్ కూడా అక్కడే ఉన్నాడు. మూడు వారాల క్రితమే తండ్రి పోయినా ఇంటికి వెళ్లకుండా టూర్‌లో ఉండిపోయాడు. బుమ్రా కొట్టిన బంతి బౌలర్ కామెరాన్ గ్రీన్ తలకు తగిలితే, అవతలి ఎండ్‌లో ఉన్న సిరాజ్ పరుగు సంగతి వదిలేసి బ్యాటు కింద పడేసి గ్రీన్ దగ్గరికి పరిగెత్తాడు. నెల తిరక్కుండా అదే సిడ్నీ మైదానంలో పంత్ 97 కొట్టాడు. విహారి కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలిచాడు. అశ్విన్‌తో కలిసి నలభై ఓవర్లకు పైగా అడ్డం నిలబడి ఓడాల్సిన టెస్టును కాపాడాడు. మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు ఆడిన సిరాజ్ బ్రిస్బేన్‌లో 73 పరుగులిచ్చి అయిదు వికెట్లు తీశాడు. సిరీస్ మనదైంది.

ఇక్కడ వెంటనే ఒకరు అడ్డు తగులుతారు: ఆ ప్రాక్టీస్ మ్యాచ్ అయిన ఆరో రోజునే కదా అడిలైడ్‌లో 36కి ఆలౌటయ్యారు, విహారి 16, 8 కొట్టాడు కదా అని. నిజమే. ప్రాక్టీస్ మ్యాచ్ గెలుపుకు బీమా కాదు. దానివల్ల వచ్చేది వెనక కూర్చున్నవాడి సిద్ధపాటు. పంత్‌కు అడిలైడ్‌లో చోటు దక్కలేదు, సిరాజ్‌కూ దక్కలేదు. మొదటి వరుస కూలిపోయాక, కొందరు గాయాలతో ఇంటిదారి పట్టాక, టూర్‌ను నిలబెట్టింది ఆ చిన్న మ్యాచ్‌లో ఒళ్లు వేడి చేసుకున్నవాళ్లే. నితీశ్ సంగతీ అంతే. టెస్టు జట్టుకంటే ముందే భారత్ ‘ఎ’తో వచ్చి మెకాయ్‌లో, మెల్‌బోర్న్‌లో రెండు మ్యాచ్‌లు ఆడాడు. ఒక్క అర్ధశతకమూ రాలేదు. కానీ ఆ పిచ్‌ల మీద బంతి లేచే ఎత్తు, ఆ బౌలర్ల పొడవు కంటికి అలవాటయ్యాయి. సిరీస్‌లో 298 పరుగులు చేశాడు. మన డెల్టా రైతుకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, నారుమడిలో గింజలు తూచరు. ఇప్పుడు వెదజల్లి కూడా పండిస్తున్నారు గదా అంటారా? పండిస్తున్నారు, కలుపుతో తంటాలూ పడుతున్నారు.

గట్టి అభ్యంతరం పెర్త్‌ది. 2024 నవంబర్‌లో ఏ మ్యాచూ ఆడకుండా, తమలో తామే సాధన చేసుకుని దిగిన భారత్ మొదటి టెస్టును 295 పరుగుల తేడాతో గెలిచింది. అదే ఏడాది జనవరిలో హైదరాబాద్ ఉప్పల్‌లోనూ ఇదే జరిగింది. అబుదాబిలో శిబిరం పెట్టుకుని, భారత్‌లో ఒక్క ప్రాక్టీస్ మ్యాచ్ ఆడకుండా దిగిన ఇంగ్లండ్ మనల్ని 28 పరుగులతో ఓడించింది. అయితే రెండు కథలూ చివరిదాకా చదవండి. ఇంగ్లండ్ తర్వాతి నాలుగు టెస్టులూ ఓడింది. విశాఖలో ఓడాక మళ్లీ అబుదాబికే వెళ్లింది తప్ప ఎవరితోనూ ఆడలేదు. భారత్ పెర్త్ తర్వాత ఇంకొకటి గెలవలేదు. శిబిరం మొదటి దెబ్బకు పనికొస్తుంది, మూడో వారంలో ఫామ్ పోయినవాణ్ని అది బాగుచేయలేదు. రోహిత్ శర్మ మూడు టెస్టుల్లో 31 పరుగులు చేసి సిడ్నీలో తనంతట తానే తప్పుకున్నాడు. పాతకాలమైతే రెండు టెస్టుల మధ్య ఏదో రాష్ట్ర జట్టు మీద గంటల తరబడి నిలబడి బ్యాటు దారిలో పెట్టుకునేవాడు. ఇప్పుడు అతనికి మిగిలింది నెట్స్, లేకపోతే మళ్లీ టెస్టే. 1968లో జయసింహను ఇంటి నుంచి హడావుడిగా పిలిపిస్తే, సన్నాహం లేకుండానే బ్రిస్బేన్‌లో దిగి 74, 101 కొట్టాడని హైదరాబాద్ పెద్దలు గుర్తు చేస్తారు. అలాంటివాడు తరానికొకడు. ఆ టెస్టు కూడా మనం 39 పరుగులతో ఓడాం.

ఆతిథ్య బోర్డులు నాసిరకం జట్లను దింపుతాయి, అదేం సాధన అన్నది మరో మాట. నాసిరకం అన్నా, 2018లో సిడ్నీలో అలాంటి జట్టే మన మీద 544 చేసింది, చివరికి కోహ్లీ బంతి పట్టి వికెట్ తీయాల్సి వచ్చింది. నిజంగా నాసిరకమే అయినా, అది బోర్డులు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందంతో తీరే చిక్కు. మీరు మా ‘ఎ’ జట్టుతో ఆడండి, మేము మీ ‘ఎ’ జట్టుతో ఆడతాం, అంతే. తీరిక ఎక్కడిదంటే, 2025 నవంబర్‌లో దక్షిణాఫ్రికా దారి చూపించింది. కెప్టెన్ బవుమా ముందుగా బెంగళూరులో తమ ‘ఎ’ జట్టు తరఫున ఒక మ్యాచ్ ఆడి, తర్వాత కోల్‌కతా టెస్టుకు దిగాడు. ఆ టెస్టు మొత్తంలో ఇరు జట్లకూ కలిపి ఒకే అర్ధశతకం వచ్చింది, ఆయన అజేయంగా చేసిన 55. వాళ్లు సిరీస్ 2-0తో గెలుచుకుపోయారు.

ఇక ప్రేక్షకుడి సంగతి. ఆస్ట్రేలియాలో టెస్టులు ఎక్కువగా అయిదారు నగరాల్లోనే తిరుగుతాయి. పల్లె ఆసుపత్రుల్లో డాక్టర్లుగా, గనుల్లో ఇంజనీర్లుగా ఉన్న తెలుగువాళ్లకు అవి టీవీ ఆటలే. చిన్న ఊళ్లలో మైదానాలు లేవనడం చెల్లదు. చెరకు పండే తీరపు పట్నం మెకాయ్‌లో 2021లో మన మహిళలు వన్డేలు ఆడారు, 2025 ఆగస్టులో దక్షిణాఫ్రికా పురుషుల జట్టు ఆడింది. మన వైపూ అంతే. విశాఖలో మొదటి టెస్టు జరిగిన 2016 నవంబర్‌లోనే విజయవాడ దగ్గర మూలపాడులో వెస్టిండీస్ మహిళలు మన జట్టుతో వన్డేలు, టీ20లు ఆడారు. మహిళల క్రికెట్ చిన్న ఊళ్లకు వెళ్తుంటే పురుషుల టెస్టు టూర్లు వాటిని మర్చిపోయాయి. సూర్యలంకలోనో బాపట్లలోనో ఉన్న పిల్లాడు రాష్ట్రం దాటకుండా విదేశీ జట్టును కళ్లారా చూడాలంటే విశాఖకు సుమారు నాలుగు వందల కిలోమీటర్లు పోవాలి, టిక్కెట్ దొరికితే. మూలపాడైతే తెనాలి, రేపల్లె పిల్లలు కూడా పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరతారు.

2027లో ఆస్ట్రేలియా అయిదు టెస్టులు ఆడటానికి భారత్ రావాల్సి ఉంది. ఆ టూర్‌లో ఆంధ్ర జట్టుతో మూలపాడులో ఒక నాలుగు రోజుల మ్యాచ్ పెట్టమని ఆంధ్ర క్రికెట్ సంఘం బోర్డును ఇప్పుడే అడగాలి. ఆస్ట్రేలియాలోని మా తెలుగు సంఘాలు ఉగాది వేడుకలకు మంత్రులను పిలిచే ఓపికలో కొంచెం తీసి క్రికెట్ ఆస్ట్రేలియాకూ ఒక ఉత్తరం రాయాలి. తర్వాతి భారత పర్యటనలో రెండు మ్యాచ్‌లైనా పెద్ద నగరాల బయట పెట్టమని అడగాలి. బాపట్ల, తెనాలి, రేపల్లె క్లబ్బుల్లో ఆడేవాళ్లూ ఆడించేవాళ్లూ అటునుంచి అడగండి, ఇటునుంచి మేమూ అడుగుతాం.