గెలిచినా తెడ్డే, ఓడినా తెడ్డే

మేనమామ అన్నవాడికి మనలో రెండే ముఖ్యమైన పనులు. పెళ్ళిలో పిల్లను బుట్టలో కూర్చోబెట్టి తీసుకురావటం ఒకటి. పిల్ల మాట విననప్పుడు వెళ్ళి నచ్చచెప్పటం రెండోది. మొదటి పనికి ఇంకా వేళ రాలేదు గనక, 2024 జూన్ నెలలో రెండో పనిమీద నేను కేంబ్రిడ్జి వెళ్ళాను.

నిజానికి నేను ఇంగ్లండు వెళ్ళింది పాత తెలుగు అచ్చుపుస్తకాలు చూసుకోవటానికి. లండనులో బ్రిటిష్ లైబ్రరీలో పదిహేను రోజుల పని. ప్రయాణానికి ముందురోజు రాజమండ్రి నుంచి మా చెల్లెలు ఫోను చేసింది.

"అన్నయ్యా, ఎలాగూ అంతదూరం వెడుతున్నావు, దాన్ని కూడా ఒకసారి చూసి రా. పరిశోధన చెయ్యవే అని పంపిస్తే పడవలు నడుపుతోందిట! వీడియోలో అరచేతులు చూశాను. నిండా బొబ్బలే. ఆ పడవ పిచ్చి మాన్పించి మరీ రా."

మాది గోదావరి లంక. నీళ్ళ పక్కన పుట్టినవాళ్ళకే నీళ్ళంటే భయం ఎక్కువ. అందుచేత మా చెల్లెలి మాట నాకు వింతగా తోచలేదు. మాన్పిస్తానని మాట ఇచ్చాను.

లండనులో కింగ్స్ క్రాస్ స్టేషనులో రైలెక్కితే కేంబ్రిడ్జి గంట ప్రయాణం. శుక్రవారం సాయంత్రం దిగాను. మా మేనకోడలు స్టేషనుకు వచ్చింది. మనిషి నల్లబడింది, భుజాలు గట్టిపడ్డాయి. కుశలప్రశ్నలయినా పూర్తికాకుండా, "మావయ్యా, మూడు రోజులూ గుద్దించుకున్నాం. రేపు కూడా గుద్దించుకుంటే మాకు చెక్క గరిటే!" అంది.

నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

రాత్రి భోజనాల దగ్గర వివరంగా చెప్పింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 31 కాలేజీలున్నాయి. మన కాలేజీల్లాంటివి కావు. ప్రతి విద్యార్థీ ఏదో ఒక కాలేజీకి చెంది ఉండాలి. ఆ కాలేజీకి సొంత వసతిగదులు, సొంత భోజనశాల, సొంత పుస్తకాలయం. అన్నిటికంటే పాతది పీటర్‌హౌస్, 1284లో పెట్టినది. కాలేజీకీ కాలేజీకీ మధ్య పోటీ ఉండటం సహజమే గదా! ఆ పోటీ తేల్చుకునే చోటు కేమ్ నది.

నది అన్నానేగాని, మన కోనసీమవాళ్ళు చూస్తే పంటకాలువ అంటారు. ఎనిమిదిమంది తెడ్లు వేసే పడవ ఒక్కొక్కటి దాదాపు 60 అడుగుల పొడుగు. తెడ్లు రెండువైపులా బారచాపుకుని ఉంటాయి. అలాంటివాటిని పక్కపక్కన నిలబెట్టి పందెం పెట్టటానికి ఆ నదిలో చోటేదీ? అందుకని వాళ్ళొక ఉపాయం కనిపెట్టారు. పడవల్ని ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబెడతారు. పడవకూ పడవకూ మధ్య ఒకటిన్నర పడవ పొడుగు ఎడం. ఫిరంగి పేలగానే అందరూ ఒక్కసారి బయలుదేరతారు. వెనకవాళ్ళు తమని అందుకోకముందే ముందున్న పడవను వీళ్ళు అందుకుని తగలాలి. దీన్నే 'బంప్' అంటారు. తగిలిన పడవా, తగిలించుకున్న పడవా రెండూ ఒడ్డుకు తప్పుకుంటాయి. మర్నాడు రెండూ స్థానాలు మార్చుకుని నిలబడతాయి. ఇలా బుధవారం మొదలు శనివారం దాకా నాలుగు రోజులు.

ఆక్స్‌ఫర్డులో 1815లోనూ, కేంబ్రిడ్జిలో 1827లోనూ మొదలయిన ఈ వేడుక ఈనాటికీ నడుస్తోంది. ఒక్కొక్క డివిజనులో సాధారణంగా 17 పడవలు. కింది డివిజనులో అన్నిటికంటే పైకి చేరిన పడవ, అదేరోజు పై డివిజనులో అడుగున నిలబడి మళ్ళీ పందెం వెయ్యాలి. దాన్ని 'సాండ్‌విచ్ పడవ' అంటారు. వీటి పేరు 'మే' పందాలు, జరిగేది మాత్రం జూన్‌లో! పూర్వం మే నెలలోనే జరిగేవిట. తరవాత పరీక్షలయిపోయాక జరిగేటట్టు జూన్‌కు మారాయి. పేరు మార్చటానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదు. ఆడపిల్లలు ఈ మే పందాల్లోకి వచ్చింది 1974లో, అప్పుడు నాలుగు తెడ్ల పడవలతో. 1990 నుంచి వాళ్ళకూ ఎనిమిది తెడ్ల పడవలే.

"నాలుగు రోజులూ బంప్ చేసినవాళ్ళకు, పేర్లు రాయించిన తెడ్డు బహుమానం. నాలుగు రోజులూ బంప్ చేయించుకున్నవాళ్ళకు చెక్క గరిటె అన్న పేరు మిగులుతుంది" అంది పిల్ల. "అంతటితో అయిపోదు మావయ్యా. ఈ ఏడు ఏ స్థానంలో ముగించామో, వచ్చే ఏడు మా కాలేజీ పడవ అక్కణ్ణించే మొదలుపెట్టాలి. మేము పోగొట్టిన మెట్లు మా వెనక వచ్చే పిల్లలు ఎక్కాలి."

తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చినట్టన్నమాట. ఆ పూటకు నేను పడవ మానేయమన్న మాట ఎత్తలేదు. శనివారం ఒక్కటే గదా, అయిపోయాక చెబుదామనుకున్నాను.

మర్నాడు పొద్దున్న నన్ను సెయింట్ జాన్స్ కాలేజీ చూడటానికి తీసుకువెళ్ళింది. తెలుగు చదువుకున్నవాడికి అది యాత్రాస్థలమే. కట్టమంచి రామలింగారెడ్డిగారు చదివింది అక్కడే. తరవాత 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులయిన ఆయన, సముద్రం దాటకముందే 'ముసలమ్మ మరణము' రాశారు. చెరువుకట్ట తెగిపోతుంటే ఊరిని కాపాడటానికి ఒక ఇంటి కోడలు నీళ్ళకు బలి అయిన కథ అది. ఏటేటా ఆ కావ్యం చెబుతూ క్లాసులో కంఠం గద్గదం చేసుకునే నేను, ఆ కవి తిరిగిన ముంగిట్లో నిలబడి, పక్కన మా పిల్లవైపు చూశాను. నీళ్ళకూ ఆడపిల్లకూ సంబంధమంటే మనకు తోచేది ఆ ఒక్క కథేనా అనిపించింది.

ఆ కాలేజీ పడవల సంఘం పేరు లేడీ మార్గరెట్ బోట్ క్లబ్బు. 1825లో పెట్టారు. వాళ్ళు తొడుక్కునే ఎర్రకోటు నిప్పులా మండుతున్నట్టుండేదనీ, 'బ్లేజరు' అన్న మాట దాన్నించే వచ్చిందనీ చెబుతారు. మా పిల్ల భయపడుతున్న చెక్క గరిటె కథ కూడా అక్కడిదే. ఒకప్పుడు లెక్కల ఆనర్సు పరీక్షలో అందరికంటే అడుగున నిలిచినవాడికి, పట్టా పుచ్చుకునేటప్పుడు స్నేహితులు సెనేట్ హౌసు మేడమీదనుంచి పెద్ద చెక్క గరిటె వేలాడదీసి ఇచ్చేవారు. రెడ్డిగారి రోజుల్లోనూ ఈ ఆచారం ఉండేది. ఆఖరి గరిటె 1909లో ఈ కాలేజీ విద్యార్థి కత్‌బర్ట్ హోల్ట్‌హౌస్‌కు దక్కింది. ఆయన పడవ వీరుడు. అందుకని ఆ గరిటెను లేడీ మార్గరెట్ క్లబ్బు తెడ్డుతోనే చేయించారు. మీటరు పైచిలుకు పొడుగు! తరవాతి ఏడు నుంచి మార్కుల వరసలో పేర్లు చదవటం మానేశారు గనక, అడుగున ఎవరున్నారో తెలిసే దారే లేకుండా పోయింది.

నేను ఫక్కున నవ్వాను.

"ఎందుకు మావయ్యా?"

"పిచ్చిదానా, మన భాషలో పడవ నడిపేదీ తెడ్డే, వంటింట్లో కలిపే చెక్క గరిటే తెడ్డే. గెలిచినా తెడ్డే, ఓడినా తెడ్డే. నీకెందుకే బెంగ?"

అది నవ్వలేదు. కాసేపు నడిచాక నెమ్మదిగా అంది: "అమ్మతో చెప్పకు మావయ్యా. మొదటి చలికాలం నేను ఇంటికి వచ్చేద్దామనుకున్నాను. టిక్కెట్టు ధర కూడా చూసుకున్నాను. నాలుగు గంటలకే చీకటి. లాబొరేటరీ, గది, మళ్ళీ లాబొరేటరీ. వారాలతరబడి నేను ఎవరితోనూ గట్టిగా పది మాటలు మాట్లాడలేదు. అప్పుడు ఎవరో పడవకు ఒక మనిషి తక్కువైంది, వస్తావా అన్నారు. మర్నాటి నుంచి తెల్లవారుజామున ఆరింటికల్లా లేవవలసిందే. నేను రాకపోతే మిగిలిన ఏడుగురూ ఒడ్డుమీదే ఉండిపోతారు. నాకోసం ఎదురుచూసేవాళ్ళు అక్కడ తప్ప ఇంకెక్కడా లేరు."

ఏం చెప్పను? దారి పొడుగునా కూర్చుకున్న హితబోధ అంతా గొంతులోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం ఫెన్ డిటన్ గ్రామం దగ్గర నది ఒడ్డున పచ్చికలో కూర్చున్నాను. మన తిరునాళ్ళే అనుకోండి! దుప్పట్లు పరుచుకుని, బుట్టల్లో తినుబండారాలు తెచ్చుకుని, పిల్లాపాపలతో వచ్చినవాళ్ళు. పూల టోపీల ముసలమ్మలు. రంగు కోట్ల ముసలి విద్యార్థులు. అవతలి గట్టుమీద సైకిళ్ళ దండు. తమ కాలేజీ పడవతోపాటు తొక్కుతూ కేకలు వేసేవాళ్ళు వాళ్ళు. వెనక పడవ ముందు పడవను సమీపించేకొద్దీ వాళ్ళు ఈలలు వేస్తారు. దూరం తగ్గినకొద్దీ ఒకటి, రెండు, మూడు. తెరిపి లేకుండా మోగితే కొంప మునిగినట్టే.

దూరంగా మొదటి ఫిరంగి పేలింది. ఇంకా నాలుగు నిమిషాలు. రెండోది పేలింది. ఒక్క నిమిషం. ఈ సరికి పొడుగాటి గెడతో పడవను ఒడ్డునుంచి నెట్టి ఉంటారు. చుక్కాని పట్టేవాడు గట్టుకు కట్టిన గొలుసు చివర పట్టుకుని ఉంటాడు. మూడో ఫిరంగి. గొలుసు వదిలేశాడన్నమాట.

నాకు ఎన్నడో మరిచిపోయిన సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో రోజూ లంక నుంచి నావలో ఏరు దాటేవాణ్ణి. ఒకనాడు గెడ చేతికివ్వమని నావ తాతని అడిగితే మా నాన్నగారు చూసి, "చదువుకునేవాడివి, అదేం పనిరా నీకు?" అని కేకలేశారు. తరవాత కొద్దిరోజులకే నడి ఏట్లో తాత మణికట్టు బెణికింది. నావలో పదిమంది విద్యార్థులం. ఒక్కడికీ గెడ పట్టటం రాదు. ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోయి, చివరకు ఒక ఇసుకతిప్పకు తట్టుకున్నాం. తాత మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. "మీరేం చేస్తారు బాబూ, చదువుకున్నోరు" అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు నేను ఇంతవరకూ తినలేదు.

మలుపు తిరిగి పడవలు కనిపించాయి. మా పిల్లవాళ్ళ ముందున్న పడవ అప్పటికే తన ముందుదాన్ని తగిలి ఒడ్డుకు తప్పుకుంది. ఇక వీళ్ళకు అందుకోవటానికి ముందెవరూ లేరు. తప్పించుకోవటం ఒక్కటే మిగిలింది. ఈ పడవల్లో తెడ్డు వేసేవాళ్ళు వెనక్కు తిరిగి కూర్చుంటారు. పోయే చోటు వాళ్ళకు కనపడదు; తరుముకొచ్చే పడవ మాత్రం కళ్ళెదుటే ఉంటుంది. మూడో తెడ్డు మా పిల్లది. ముఖం కందగడ్డలా ఉంది. మూడు ఈలలు! వెనక పడవ మూతికీ వీళ్ళ తోకకూ మధ్య నిండా రెండు బారలు లేవు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంగ్లీషులో అరుస్తున్నారు. నేను లేచి నిలబడి, "వెయ్యవే! ఇంకా వెయ్యవే!" అని తెలుగులో అరుస్తున్నాను. దాన్ని మాన్పించటానికి వచ్చినవాణ్ణి సుమండీ!

డిటన్ మలుపు దగ్గర వీళ్ళ చుక్కాని పట్టిన కుర్రాడు గట్టుకు ఆనుకున్నంత దగ్గరగా తిప్పాడు. వెనకవాళ్ళు తొందరలో వెడల్పుగా తిరిగారు. ఎడం బారెడు పెరిగింది. ఆ తడబాటులో వాళ్ళ వెనకనున్న మూడో పడవ వచ్చి వాళ్ళకే తగిలింది! రెండూ ఆగిపోయాయి. ఇక ముందూ ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. ఖాళీ నదిమీద ఎనిమిది తెడ్లు ఒక్కటిగా లేస్తూ పడుతూ రైలు వంతెన వైపు సాగిపోయాయి. చివరిదాకా వెయ్యాలన్నది నియమం.

వాళ్ళు గెలవలేదు. ఎవరినీ తగల్లేదు. ఉన్నచోటే ఉన్నారు. అయినా పడవల షెడ్డు దగ్గరకు వెళ్ళేసరికి ఎనిమిదిమంది ఆడపిల్లలూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతున్నారు. మా పిల్ల పరుగెత్తుకొచ్చి, "గరిటె తప్పింది మావయ్యా!" అంది. చేతులు పట్టుకుని చూశాను. పాత బొబ్బలు కాయలు కాశాయి. కొత్తది ఒకటి చితికి నెత్తురు వస్తోంది.

రాత్రి మా చెల్లెలు ఫోను చేసింది. అక్కడ తెల్లవారుజాము. నిద్రపోలేదు కాబోలు.

"మాన్పించావా అన్నయ్యా?"

"లేదమ్మా."

"చేతులు చూశావా?"

"చూశాను. తాతల నాటినుంచి ఏటి ఒడ్డున ఉన్నాం. మన ఇంట్లో ఇంతవరకూ ఎవరి చేతికీ తెడ్డు కాయలు కాయలేదు. దీనికి కాశాయి. కొబ్బరినూనె పంపించు."

అటు కాసేపు మాట లేదు. తరవాత, "ఎంత పంపమంటావు?" అంది.

"ఎనిమిదిమందికి సరిపడా" అన్నాను.