రాయి పెట్టని చక్రం

మా మద్రసాకు పాత మహీంద్రా జీపు ఒకటి ఉన్నది. నాలుగు చక్రాలూ లాగే బండి. మామిడి తోట గల ఒక పెద్దమనిషి ఎన్నో ఏళ్లు వాడుకొని, చివరకు అల్లాహ్ ప్రసన్నత కోరి వక్ఫ్ చేశారు. చిత్తూరు నుండి బియ్యం తేవాలన్నా, జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి ఆసుపత్రికి చేర్చాలన్నా అదే దిక్కు. (ఈ జీపుల కంపెనీ 1945లో మహీంద్రా సోదరులు, మలిక్ గులాం ముహమ్మద్ కలిసి ‘మహీంద్రా అండ్ ముహమ్మద్’ పేరుతో స్థాపించినది. దేశ విభజన తరువాత ఆయన పాకిస్తాన్ తొలి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మారింది. ఈ సంగతి చెబితే మా పిల్లలు నమ్మరు.)

గత వేసవిలో పలమనేరు నుండి మొగిలి ఘాటు దిగుతుండగా, బ్రేకు నొక్కినప్పుడల్లా బండి ఎడమకు లాగసాగింది. ఇల్లు చేరి చూస్తే వెనుక కుడి చక్రం లోపలివైపు నూనెతో తడిసి ఉన్నది. ఇరుసు సీలు పోయి, గేర్ ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి కారుతున్నదన్నమాట. అంతకు ముందే ఒక షెడ్డులో రెండుసార్లు సీలు మార్పించాము. వక్ఫ్ సొమ్మును మూడోసారి అక్కడ పోయడానికి మనసొప్పలేదు. పాత మరమ్మతు పుస్తకం ఒకటి సంపాదించి, వెనుక ఇరుసులను మేమే విప్పుదామని పూనుకొన్నాము.

మా జీపులో వెనుక ఇరుసు ఒకే కడ్డీ కాదు. నడుమనున్న డిఫరెన్షియల్ నుండి ఒక్కో చక్రానికి ఒక్కో షాఫ్టు వస్తుంది. షాఫ్టు కొస క్రమంగా సన్నబడి ఉంటుంది; దానిమీద హబ్బు, డ్రమ్ము బిగుసుకొని కూర్చుంటాయి. ఏళ్ల తరబడి పట్టుకొన్న ఆ హబ్బు పుల్లర్ లేనిదే ఊడదు. పుల్లర్ అరువు తెచ్చాము. హ్యాండ్‌బ్రేకు లాగి, బండిని గేరులో ఉంచి, కుడి వెనుక చక్రాన్ని జాకీపై ఎత్తి, చక్రం విప్పాము. హిఫ్జ్ చదివే పన్నెండేళ్ల విద్యార్థి ఒకడు డ్రమ్ము పక్కనే కాళ్లు చాపుకొని కూర్చుని పానాలు అందిస్తున్నాడు. తుప్పు వదలడానికి కిరోసిన్ తెమ్మని వాణ్ణి లేపి పంపాము.

వాడు వంటగది దాటాడో లేదో, తుపాకి పేలినట్టు చప్పుడుతో హబ్బు వదిలింది. ఆ కుదుపుకు జీపు ముందుకు దొర్లింది. జాకీ ఒరిగింది. డ్రమ్ము ఆ పిల్లవాడు కాళ్లు చాపిన చోటే నేలలోకి దిగబడింది.

కబురు అందుకొని మెకానిక్ చాచా తన టీవీఎస్ బండిపై వచ్చారు. వచ్చీ రాగానే పలకరింపు లేదు. గోడ పక్కనున్న పెద్ద రాళ్లు తెచ్చి ముందు చక్రాలకు అటూ ఇటూ అడ్డం పెట్టారు.

“హజరత్, ఈ బండి హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టదు. గేరుపెట్టె వెనకాల తిరిగే షాఫ్టును పడుతుంది. గేరు పట్టేదీ దాన్నే. మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగాలని కదా డిఫరెన్షియల్ పెట్టింది? ఒక చక్రం గాలిలోకి లేస్తే అది వెనక్కి తిరుగుతుంది, నేలమీదిది ముందుకు పోతుంది. బండి నిలుస్తుందా?”

ఆ పుస్తకంలో చక్రాలకు అడ్డం పెట్టమనే మాట మొదటి పుటలోనే ఉన్నది. మేము తిన్నగా ఇరుసుల పుటకు వెళ్లాము. తజ్వీద్‌ను పుస్తకం చూసి కాక, ఉస్తాద్ ఎదుట కూర్చుని నేర్చుకోవాలని ముప్పై ఏళ్లుగా చెబుతున్న వారము మేము! ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు దానిని కట్టమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించిన హదీసును తిర్మిజీ నుండి ఏటేటా పాఠం చెప్పేదీ మేమే.

తక్కిన పని చాచా చేతిమీదుగా జరిగింది. ఇరుసు గొట్టం కింద ఇనుప స్టాండ్లు పెట్టించారు, ఇటుకలు వద్దన్నారు. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుందని, డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదనీయక తడిగుడ్డతో తుడిపించారు. బ్రేకు పలక వెనుక ఉన్న పలుచని షిమ్ములను ఏ పక్కవి ఆ పక్కనే విడిగా మూటగట్టించారు; అవి తారుమారైతే షాఫ్టు ఆట చెడి బేరింగు పాడవుతుందట. అటుపైన షాఫ్టును తిన్నగా బయటికి లాగాము. కొత్త సీలు పెదవిని లోపలివైపు ఉంచి, వంకర పోకుండా చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టాము.

అసలు దోషం సీలులో లేదు. ఇరుసు గొట్టంపైన గాలి పోయేందుకు చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో పూడిపోయింది. బండి నడిచి నూనె వేడెక్కితే లోపలి ఒత్తిడికి దారి లేక సీలును తోసుకొని వస్తున్నది. సన్నని తీగతో దానిని శుభ్రం చేయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. పక్షం తరువాత డ్రమ్ము విప్పి చూస్తే పొడిగా ఉన్నది.

ఆ పిల్లవాడికి తండ్రి లేడు. తల్లి మదనపల్లె నుండి నెలకొకసారి వస్తుంది. వాడు మాకు ఆమె అప్పగించిన అమానతు. జరిగినదంతా దాచకుండా ఆమెకు చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కొడుకు తలపై చేయి వేసి, “జీపు ఇప్పుడు బాగుందా హజరత్?” అని మాత్రం అడిగింది.

బాగున్నదని చెప్పడానికి మాకు గొంతు పెగలలేదు.