నివురు కింద వేడి

2020 జూలై 19, ఆదివారం
పొద్దు గూకాక మేడెక్కాను. వాయవ్యాన, సప్తర్షుల కింద నియోవైస్ తోకచుక్క ఉండాలి. హైదరాబాదంతా ముసురు. మళ్లీ రావడానికి ఆరు వేల ఏళ్లకు పైనే పడుతుందట. అరగంట నిలబడి, తడిసి, దిగొచ్చాను.

జూలై 20
చుక్కకు వచ్చిన పేరు, మార్చి 27న దాన్ని పట్టుకున్న అంతరిక్ష టెలిస్కోపుది. అద్దం అడ్డుకొలత 40 సెంటీమీటర్లే. 2009 డిసెంబర్ 14న వైస్ అనే పేరుతో కాలిఫోర్నియా నుంచి ఎగిరింది. సన్నటి వేడిని చూసే కన్ను తానూ చల్లగా ఉండాలి. లేకపోతే తన వేడే తనకు అడ్డం. అందుకే గడ్డకట్టిన హైడ్రోజన్ నింపి పంపారు. ఏడాది తిరక్కముందే అది కాస్తా ఆవిరైపోయింది. నాలుగు పరారుణ డిటెక్టర్లలో రెండే మిగిలాయి. 2011లో నిద్రపుచ్చారు, 2013లో లేపారు. ఆ రెంటితోనే ఈ చుక్కను చూసింది.

జూలై 25, శనివారం
ఇస్త్రీ బండి దగ్గర పెట్టె మూత తీసి ఉంది. బొగ్గుల మీద తెల్లటి నివురు. ఎరుపన్నది కనబడలేదు. చెయ్యి దగ్గరికి పోనిచ్చాను.
"పెట్టకుండ్రి సార్, కాలుతది."
గ్రహశకలాల్లో చాలావాటిది బొగ్గు నలుపు. పడిన ఎండను దాదాపు అంతా తాగేస్తాయి గనక మామూలు టెలిస్కోపులకు ఓ పట్టాన చిక్కవు. తాగిన ఎండ వేడిగా బయటికి రాక తప్పదు. నియోవైస్ పట్టేది ఆ వేడినే. రాయి ఎంత పెద్దదో కూడా దాన్నిబట్టే లెక్కగడతారు. మన వైపు వచ్చే రాయి గురించి ముందు తెలియాల్సింది అదే కదా!

2024 ఆగస్టు 9, శుక్రవారం
నిన్న నియోవైస్ ట్రాన్స్‌మిటర్ ఆపేశారు. మొదట తలపెట్టింది ఏడు నెలల పనే. పదేళ్లకు మించి కళ్లు తెరుచుకునే ఉంది. 44,000కు పైగా సౌరకుటుంబ వస్తువులను కొలిచింది. భూమికి చేరువగా తిరిగేవి అందులో 3,000 పైచిలుకు. మనసు బరువెక్కింది.

నవంబర్ 3, ఆదివారం
నియోవైస్ మొన్న వాతావరణంలో పడి కాలిపోయిందని వార్త. సూర్యుడు చురుగ్గా ఉన్న రోజులు. పై గాలి ఉబ్బి కిందికి లాగేసింది. ఎత్తు పెంచుకోవడానికి దానికి ఇంజిన్ లేదు.
దీపావళి పొగ తేరుకుంది, ఆకాశం తేటగా ఉంది. ఆ చుక్కా లేదు, దాన్ని పట్టిన కన్నూ లేదు. కొలతల పట్టిక ఉంది. రేపెవరైనా ఒక నల్లరాయి దారి లెక్కగట్టేటప్పుడు దాన్ని తెరుస్తారు.