ఏలూరు వైపు చెయ్యి

హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు వైపు గోడకి అద్దం ఉన్న సెలూన్ దొరికితే ఒక సంగతి దిక్కులతో సహా తేల్చుకోవచ్చు. అద్దం ముందు నిలబడి కుడిచెయ్యి ఏలూరు వైపు చాపండి. అద్దంలో మనిషి చెయ్యి కూడా ఏలూరు వైపే ఉంటుంది. రెండో చెయ్యి బెజవాడ వైపు చాపితే అతనూ బెజవాడకే చాపుతాడు. తల పైనే, కాళ్లు కిందే. మారింది ఒక్కటే: మనం నూజివీడు వైపు చూస్తుంటే అతను గుడివాడ వైపు చూస్తున్నాడు.

అద్దం కుడిఎడమల జోలికి పోలేదు, ముందువెనకలనే తిప్పింది. మనమే అక్కడికి వెళ్లి ఇటు తిరిగి నిలబడినట్టు ఊహించుకుంటాం కాబట్టి అతని చెయ్యి మనకి ఎడమచెయ్యిగా తోస్తుంది. అద్దం తలకిందులుగా ఎందుకు చూపించదని పిల్లలు అడిగితే ఇంతకంటే తేటైన జవాబు నాకు తెలీదు.

దీన్ని తెలిసి వాడుకునేవాళ్లున్నారు. ముందు వెళ్లే లారీ డ్రైవరు అద్దంలో చూసి దారివ్వాలనే అంబులెన్స్ ముఖాన పేరు తిరగేసి రాస్తారు. గుడివాడ దాటి పెడన వెళ్తే, కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లు గుడ్డ మీద కుడికి వాలాల్సిన తీగని చెక్కలో ఎడమకి వాల్చి చెక్కుతారు.

ఫోనుది వేరే కథ. సెన్సర్ మీద తలకిందులుగా పడే బొమ్మని ఎలాగూ ఫోనే నిలబెట్టి చూపిస్తుంది. సెల్ఫీ తీసుకునేటప్పుడు తెర మీద కావాలనే అద్దంలా తిప్పుతుంది, జుట్టు సర్దుకోబోయిన చెయ్యి తడబడకుండా. నొక్కాక చాలా ఫోన్లు అసలు వరసే దాస్తాయి. అద్దం వరసలోనే దాచే సెట్టింగూ ఉంటుంది. నాకది అస్సలు నచ్చదు. పైట కుడిభుజం మీదికి పోతుంది. పరిటాలలో 135 అడుగుల ఆంజనేయస్వామి ముందు సెల్ఫీ దిగితే, స్వామి ఎడమచేత్తో అభయమిస్తున్నట్టు పడుతుంది!

1977లో అమెరికాలో మీటా, డెర్మర్, నైట్ అనే పరిశోధకులు కొందరు యువతుల ఫొటోలు రెండు వరసల్లోనూ చూపించారు. ఫొటోలో ఉన్నవాళ్లు ఎక్కువగా అద్దం వరసని మెచ్చుకున్నారు, వాళ్ల స్నేహితులు అసలు వరసని. ఎవరికి అలవాటైన మొహం వాళ్లకి బాగుందన్నమాట. ఫొటోలో తన మొహం వంకరగా పడిందని చిన్నబుచ్చుకునే అమ్మాయికి ఈ మాట చెప్పాలి: మీ అమ్మ ఇన్నాళ్లూ చూసి మురిసిపోయింది ఆ మొహాన్నే.

ఇంకొకటి, ఇళ్లల్లో పెద్దవాళ్ల కోసం. డాలస్‌లో ఉన్న కొడుక్కి వీడియో కాల్‌లో శుభలేఖ చూపిస్తూ, తన తెర మీద అక్షరాలు తిరగబడ్డాయని అమ్మమ్మ కాగితం దించేస్తుంది. సాధారణంగా తిరగబడేది ఇవతలి తెర మీదే, అతనికి సరిగ్గానే కనిపిస్తుంది. కాగితం దించొద్దని, ముహూర్తం చదవనివ్వమని ఆవిడకి చెప్పండి.