రాతిలోయలో పసిపిల్లల గది

స్ట్రాస్‌బర్గ్‌లో చదువుకుంటున్న మా అమ్మాయిని చూడటానికి ఫ్రాన్సు వెళ్ళినప్పుడు, అక్కడి పెద్ద కెథెడ్రల్ చూపించాలని తను ఎంతో ఉబలాటపడింది. చూశాము. కాని మా మనసు మరోచోట ఉంది. మేమిద్దరమూ మా సంఘమువారి స్కూల్లో ఏళ్ళ తరబడి ఎల్.కె.జి., యు.కె.జి. చెప్పినవాళ్ళము. పసిపిల్లల బడి అనే ఆలోచనకు అంకురము వేసిన పాస్టరుగారి ఇల్లు అక్కడికి దగ్గరే అని తెలిసి ఊరుకోలేకపోయాము.

రైలు వోజ్ కొండల మధ్యకు తీసుకువెళ్ళి ఫూడే అనే చిన్న స్టేషనులో దించింది. అక్కడ నుండి వాల్డెర్స్‌బాక్‌కు ఎగువదారి. మోకాళ్ళ నొప్పులతో ఆగుతూ ఆగుతూ ఎక్కాము. ఈ ప్రాంతాన్ని జర్మన్ భాషలో స్టైన్‌తాల్, అంటే రాతిలోయ అంటారు. ఇప్పుడు అంతా పచ్చగానే ఉన్నది గాని, 1767లో జాన్ ఫ్రెడరిక్ ఒబెర్లిన్ గారు ఇక్కడికి కాపరిగా వచ్చేనాటికి రోడ్డు లేదు, తిండి చాలదు. పెద్దలు పొలానికి పోతే పిల్లలు ఎవరికీ పట్టకుండా తిరిగేవారు.

పాస్టరుగారి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన కాలపు ఎండుమొక్కల పుస్తకాలు, పటాలు, కొయ్య ఆటవస్తువులు అక్కడ ఉన్నాయి. ఎండిన ఆకుల ముందు మేము చాలాసేపు నిలబడిపోయాము. దానికి కారణము తరువాత చెబుతాము.

ఈ పని మొదలుపెట్టినది పాస్టరుగారు కాదు. బెల్మాఁ గ్రామములో సారా బాంజే అనే రైతుబిడ్డ చిన్నపిల్లలను చేరదీసి అల్లిక నేర్పుతున్నదని ఆయన చెవిన పడింది. ఆయన ఆమెను పిలిచి జీతమిచ్చి, మిగిలిన ఊళ్ళలోనూ అలాంటి గదులు తెరిపించారు. చలిదేశము కదా, పొయ్యి ఉన్న వెచ్చని గదిలోనే బడి. గదికి ఇద్దరు స్త్రీలు. ఒకరు చేతిపని నేర్పేవారు, రెండవవారు పాఠము, ఆట చూసుకునేవారు. రెండేళ్ళవాళ్ళ నుండి ఆరేళ్ళవాళ్ళ వరకు ఉండేవారు. పెద్దవాళ్ళు దారము వడుకుతుంటే, అల్లుతుంటే, చిన్నవాళ్ళు పక్కన ఆడుకునేవారు. అలసిపోతే బైబిలు బొమ్మలు, మొక్కల బొమ్మలు చూపి కథ చెప్పేవారు. పాటలు పాడించేవారు. కొండమీద దొరికిన మొక్కకు ముందు ఊరిభాషలో పేరు, తరువాత ఫ్రెంచిలో పేరు.

ఇది చదువుతుంటే మా ఇద్దరికీ ఒకే పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. మూడున్నరేళ్ళవాడు. ఇంట్లో తెలుగే. నాలుగు గీతల పుస్తకములో ఇంగ్లీషు అక్షరాలు పేజీలకు పేజీలు రాయించేవాళ్ళము. వాడు మాత్రము ఆవరణలోని రాలిన ఆకులను జేబుల్లో నింపుకుని వచ్చేవాడు. మేము వాటిని చెత్తబుట్టలో వేయించాము. “రాత శ్రద్ధ లేదు” అని డైరీలో రాసిన చేయి మాదే. ఒక సోమవారము వాడు గేటు పట్టుకుని వదలలేదు. మంగళవారము వాళ్ళ అమ్మ రాలేదు. మరి ఎప్పుడూ రాలేదు.

సారా 1774లోనే కన్నుమూసింది. తరువాత ఆ పరిచర్యకు ప్రాణము పోసినది లూయీజ్ షెప్లెర్. పాస్టరుగారి ఇంట్లో పనిపిల్లగా చేరి, 1783లో అమ్మగారు చనిపోయాక తల్లిలేని పిల్లలనూ ఇంటినీ చూసుకుంటూనే ఊరూరా తిరిగి బడులు నడిపింది. ఇకమీదట నాకు జీతము వద్దు, మీ బిడ్డగా చూడండి చాలు అని పాస్టరుగారికి ఉత్తరము రాసుకున్నది. ఆయన 1826లో పోయాక ఆస్తిలో వాటా ఇస్తామని పిల్లలు అంటే అదీ వద్దన్నది. వాళ్ళ ఇంటిపేరు తన పేరు పక్కన పెట్టుకోవడానికి మాత్రము అనుమతి అడిగింది. 1829లో ఫ్రెంచి అకాడమీ 5,000 ఫ్రాంకుల బహుమతి ఇస్తే దానినీ బడులకే ఖర్చుపెట్టింది. కిండర్‌గార్టెన్ అనే పేరును ఫ్రోబెల్ గారు 1840లో పెట్టారని ట్రైనింగులో బట్టీపట్టాము గాని, లూయీజ్ పేరు మాకు ఎవరూ చెప్పలేదు!

తిరుగుదారిలో ఫూడే చర్చి దగ్గర ఒబెర్లిన్ గారి సమాధి చూశాము. ఇనుప సిలువ మీద “పాపా ఒబెర్లిన్” అని ఉంది. “నాన్నగారు” అన్నమాట. మా అమ్మాయి ఫొటో తీసింది. మేము చెట్టు కింద రెండు ఆకులు ఏరి బైబిల్లో పెట్టుకున్నాము.

ఇంటికి వచ్చాక కరస్పాండెంట్ గారిని కలిశాము. ఎల్.కె.జి. గదిలో బల్లలు తీయించి చాపలు వేయించండి, నాలుగు గీతల పుస్తకాలు ఒక సంవత్సరము ఆపండి అని అడిగాము. “చాపలు సరేనండి. మరి హోంవర్కు లేకపోతే తల్లిదండ్రులు ఊరుకుంటారా?” అన్నారు. ఆ మాట నిజమే. వచ్చే నెల మొదటి శనివారము తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మమ్మల్నే మాట్లాడమన్నారు. ఆ రెండు ఆకులు అప్పటివరకు బైబిల్లోనే ఉంటాయి.